కెమెరాకి కుండీ తొడిగి కడప జిల్లాకి

గండికోట ఫొటోలు చూపించమని మా వీధిలో అందరూ అడుగుతున్నారు. చూపిస్తున్నాను. లోయ, కింద పెన్న, ఎర్రటి రాళ్లు చూసి "అబ్బా, ఎంత వెడల్పుగా పడిందండీ టీచరుగారూ" అంటున్నారు. ఒక ఫొటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా వేలు గబుక్కున దాన్ని పక్కకి జరిపేస్తోంది. "అదేంటండీ, గొర్రెలా?" అని ఎవరైనా అడిగితే "ఆ, ఏదోలెండి" అంటున్నాను. ఆ ఏదో సంగతే ఇక్కడ రాస్తున్నాను. అటువైపు వెళ్లని వాళ్లకి దారి చెప్పినట్టూ ఉంటుంది, నాకు నేను గడ్డి పెట్టుకున్నట్టూ ఉంటుంది.

రిటైరయ్యేదాకా నేను హైస్కూల్లో క్రాఫ్టు టీచర్ని. అట్టముక్క, జిగురు, కత్తెర ఉంటే చాలు, బజార్లో కొనాల్సిన వస్తువంటూ లేదని నా నమ్మకం. మా ఆయనకి ఆ నమ్మకమంటే ఒళ్లు మంట. మా తమ్ముడు తన పాత కెమెరా ఒకటి నాకిచ్చాడు. గండికోట లోయంతా ఒక్క ఫొటోలో పట్టాలని ఆశపడి, దాని లెన్సు ముందు మేకు మరలాగా తిప్పి బిగించుకునే వైడ్ యాంగిల్ గాజొకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. అది తగిలిస్తే మామూలుగా పట్టేదానికి రెట్టింపు పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ గాజు ముందుకి ఉబ్బి ఉంటుంది. పక్కనించి ఎండ తగిలిందంటే ఫొటో మీద తెల్లటి మరకలు. ఆ ఎండని ఆపడానికి చుట్టూ ఒక తొడుగుండాలి, దాన్ని హుడ్ అంటారు. ఆ గాజుకి సరిపోయే హుడ్ ఎక్కడా దొరకలేదని మా ఆయనతో అన్నాను. నిజానికి నేను వెతకలేదు.

మాది కడియం పక్క ఊరు. మావైపు ఏ ఇంట్లో చూసినా నర్సరీ కుండీలే. క్రోటన్ మొక్కతో వచ్చిన ఒక చిన్న నల్ల ప్లాస్టిక్ కుండీ తీసుకుని అడుగు కోసేశాను. అంచుని నాలుగు రేకుల్లా కత్తిరించాను. పైనా కిందా రెండు పొడుగు రేకులు, కుడీ ఎడమా రెండు పొట్టివి. వెడల్పు గాజు పక్కలకే ఎక్కువ చూస్తుంది కదా, పక్కన పొడుగు రేకులుంటే అవే ఫొటోలో అడ్డంగా పడతాయి. ఈ ముక్క మీరు గుర్తుంచుకోండి. నేనైతే మర్చిపోయాను. నల్ల టేపుతో ఆ కుండీని గాజు చుట్టూ అంటించి, తీసుకెళ్లి మా ఆయన ముందు పెట్టాను.

"ఇందులో మొక్క ఎప్పుడు పెడుతున్నావు?" అన్నాడు.

మోకాళ్ల నొప్పులని ఆయన ప్రయాణానికి రానన్నాడు. సరేలే, మీరుంటే వెక్కిరింపులు తప్ప ఏముందని నేనొక్కదాన్నే రైలెక్కాను.

ప్రొద్దుటూరులో కారం దోసె

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కితే దారి పొడుగునా నాపరాళ్లే. ఇంటి గోడ నాపరాయి, గట్టు నాపరాయి, ఎవరో బట్టలుతుక్కునే బండ కూడా అదే. మావైపు మట్టి తవ్వితే నీళ్లొస్తాయి, వీళ్లకి రాయి వస్తుంది. శివరాత్రి వెళ్లి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే ఎండ చెంప మీద కొట్టినట్టుంది.

ప్రొద్దుటూరులో దిగగానే కారం దోసె. ఎర్ర కారం దిట్టంగా పూసి, పైన పప్పుల పొడి చల్లి, ముప్ఫై రూపాయలకి చేతిలో పెట్టారు. రెండో ముక్కకే నాకు కళ్లలో, ముక్కులో నీళ్లు. దోసెలు వేసేటాయన నా అవస్థ చూశాడు.

"కారం పట్టిందా మా? ఇంగొగటి తిను, అలవాటైతాది" అన్నాడు.

ఎదురు చెప్పడానికి నోరు పనిచేయక ఇంకోటి తిన్నాను. మర్నాడు పొద్దున అక్కడికే వెళ్లి ఉగ్గాని బజ్జీ తిన్నాను. మనం మరమరాలనే వాటిని అక్కడ బొరుగులంటారు. వాటిని తడిపి, ఉప్మాలాగా తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ ఇస్తారు. రాజమండ్రిలో మరమరాలు సాయంత్రం కాలక్షేపానికి తినేవి. అవి పొద్దున్నే అంత కడుపు నింపుతాయని నాకు తెలీదు.

బంగారం బజారు చూడాలన్నారు, చూశాను. ఒక దుకాణం వదిలితే ఇంకో దుకాణం, అన్నీ బంగారమే. మావైపు బంగారం కొట్లో ఏసీ, కూల్‌డ్రింకు, మెళ్లో కార్డులేసుకున్న సేల్సు పిల్లలూ. ఇక్కడ పాత అంగళ్లలో ఇంకా తెల్ల పరుపులు పరిచి, కాళ్లు మడుచుకుని కూర్చునే బేరమాడుతున్నారు. పల్లెల నించి వచ్చిన ఆడవాళ్లు అయిదారుగురు కలిసి కూర్చుని, ఒకరు కొంటుంటే మిగతావాళ్లు గట్టిగా వంకలు పెడుతున్నారు. నాకు ఒక ఉంగరం కొనే స్తోమత కూడా లేదు గనక పక్క సందులో బట్టల కొట్లోకి వెళ్లి నూలు చీర బేరం చేశాను.

కొట్టు శెట్టిగారికి అరవై దాటి ఉంటాయి. చీరలు పరుస్తూనే నా మెళ్లో కెమెరా వంక చూశారు.

"ఏంది మా అది? తొట్టి మాదిరి ఉండాది?"

అంతే, నాకు పూనకం వచ్చింది. కుండీ ఎక్కడిదో, అడుగెలా కోశానో, రేకుల లెక్కేమిటో పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఒక వేలితో ఆ తొడుగుని అలా తోశారు. అది కొంచెం కదిలింది.

"బిర్రుగా ల్యా మా. తిరుగుతాంది సూడు. పురికొస ఇస్తా, కట్టుకో."

"అక్కర్లేదండీ. మంచి టేపే వేశాను."

"మా ఎండలు నీకు తెల్దు. మా కాడ చెప్పులకేసిన బంకే ఊడిపోతాది, నీ టేపెంత?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఒంటి మీద జెర్రులు పాకుతున్నాయి. తెలియని వాళ్లు మాట్లాడితే టీచర్లు నవ్వే నవ్వు అది.  శెట్టిగారు చీరని కాగితంలో చుట్టి, ఆ పురికొసతోనే రెండు చుట్లు కట్టి నా చేతికిచ్చారు.

జమ్మలమడుగు, గండికోట

జమ్మలమడుగులో బస్సు దిగితే పక్కనే పెన్న. నది అనగానే గోదావరి గుర్తొచ్చే మాబోటి వాళ్లకి అది నది అని ఎవరైనా చెప్పాలి. ఇసక, ఇసక, మధ్యలో ఒక నీటి చార. ఆటో అతనితో ఆ మాటే అన్నాను.

"నీళ్లు కిందుండాయి మా. మా నది గుట్టుగా ఉంటాది" అన్నాడు.

దొరల కాలం నాటి మిషను ఆసుపత్రి చూపించి, మా తాత ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టానని చెప్పి, అక్కణ్ణించి గండికోటకి తీసుకెళ్లాడు.

లోయ గురించి నేను రాయను. రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎర్ర రాయి నిలువునా చీలిపోయి, అడుగున పచ్చటి నీళ్లు నిలిచి ఉంటే, అంచున నిలబడి నోరు మూసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. నేను నోరు మూసుకోలేదనుకోండి. కెమెరా తీశాను. ఎండ ఏటవాలుగా కొడుతోంది, అయినా నా కుండీ పుణ్యాన ఒక్క మరక లేదు. ఈ గోడ నించి ఆ గోడ దాకా మొత్తం లోయ పడింది. పక్కన బళ్లారి నించి వచ్చిన ఒక కుటుంబం వాళ్లని కూడా తీసిపెట్టమంటే తీశాను. నీడలో చూపిస్తే పదిమందీ పడ్డారు, వెనక కోట గోడతో సహా. "ఈ హుడ్ మీరే చేశారా మేడమ్!" అన్నారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. మా ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

తర్వాత రాగి సంగటి తినడానికి ఒక పాకలో కూర్చున్నాను. సంగటి ముద్ద, చెనిక్కాయల చట్నీ, పైన నెయ్యి. చెనిక్కాయలంటే వేరుశెనగలే. ముద్దని నమలకూడదట, మింగాలట. ఎలా మింగాలో పక్కనున్న పెద్దాయన చేసి చూపిస్తే, నేను పొలమారి చచ్చిపోయినంత పనైంది. అక్కడున్న వాళ్లందరికీ మంచి కాలక్షేపం. ఆ సేపంతా కెమెరా ఎక్కడుందీ? ఆటోలో, అద్దం వెనకాల, మిట్టమధ్యాహ్నపు ఎండలో.

బస్సాగిన ఊరు

మర్నాడు జమ్మలమడుగు నించి పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరు దాటాక బస్సు టైరు పోయింది. వేరే టైరు రావడానికి రెండు మూడు గంటలు పడుతుందన్నారు. ఎండకి తాళలేక అందరం రోడ్డు పక్కనున్న పల్లెలోకి నడిచాం. ఆ ఊరి పేరు రాయను. వాళ్లకి నా వల్ల జరిగింది చాలు.

మొదటి ఇంటి ముందు ఒక ముసలామె నన్ను చూసి చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. పేరు ఓబులమ్మ. సన్నంగా, వంగకుండా, భుజాన మడత పెట్టిన నల్ల కంబళి, చేతిలో కర్ర. ఇంటి పక్కన ముళ్లకంప కట్టిన దొడ్డి, అందులో అరవై డెబ్బై గొర్రెలు. మజ్జిగ తాగి "థాంక్సండీ మామ్మగారూ" అన్నాను. వసారాలో కూర్చున్న కోడలు లక్ష్మీదేవి పకపకా నవ్వింది.

"మామ్మగారంట! అత్తా, నీకు గారు కూడా పెట్టినారు."

"అవ్వా అను పాపా, సాలు" అంది ఓబులమ్మ. యాభై ఎనిమిదేళ్లకి నన్ను పాపా అన్నందుకు నాకే సంతోషమేసింది. ఆమె చూపు నా కెమెరా మీద పడింది. "పొటోలు తీస్తావా?"

"తీస్తానవ్వా."

"మావి ఒగటి తీస్తావా? నన్నూ, గొర్రెల్నీ. అన్నీ పడల్ల."

అప్పుడు చెప్పింది సంగతి. పెళ్లయి అత్తారింటికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్లు ఆమెకి ఒక ఆడ గొర్రెపిల్లనిచ్చారు. ఈ మందంతా దాని సంతానమే. ఇప్పుడు కొడుకు రామాంజులు బత్తాయి తోట పెట్టాడు. బోరు పడింది, చెట్లు కాపుకొచ్చాయి, మంద వెనక తిరిగేవాళ్లు లేరు. ఓబులమ్మ కాళ్లు ఇంక సాగడం లేదు. మందని అమ్మేశారు. మర్నాడు తెల్లారకముందే లారీ వస్తుంది.

"అమ్మొద్దని నేను అన్ల్యా" అంది ఆమె. "మావోడు సెప్పేది నిజమే. గడ్డి యాడుంది, మనిసి యాడుండాడు? పోతే పోనీ. పెండ్లి పొటోలుండాయి, ఆధారు కార్డు పొటో ఉండాది. వీటితో మాత్రం ఒగ్గ పొటో ల్యా నాకు. అది ఉంటే సూసుకుంటా."

"నిన్నంతా సెల్లులో తీస్తానే ఉండా మా" అన్నాడు రామాంజులు. "సగం గొర్రెలు గూడా పడల్యా. ఎనక్కి జరుగుదామంటే గోడ. బయటికి తోలితే ఒగటి నిలబడదు."

నేను దేవుడు పంపినదాన్ననుకున్నాను. సరిగ్గా ఇలాంటి చోటుకే కదా నా వెడల్పు గాజు! కెమెరా ఎత్తి చూపిస్తూ "దీనికి ఒక్క గొర్రె కూడా తప్పించుకోలేదు. గండికోటే పట్టేసింది, మీ దొడ్డెంత?" అని కోతలు కోశాను. కుండీ కథ కూడా చెప్పాను. లక్ష్మీదేవి కళ్లు పెద్దవి చేసి విన్నది. కెమెరా సంచీలోంచి తీసినప్పుడు టేపు జిగురు నా వేళ్లకి అంటుకుంది. కొంగుకి తుడుచుకున్నాను. ఎందుకంటుకుందని ఒక్క క్షణం ఆలోచిస్తే ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

ముందు వరసలో రామాంజులు, లక్ష్మీదేవి, ఇద్దరు ఆడపిల్లలు. వెనక గొర్రెలు. ఓబులమ్మ మాత్రం ఎడమవైపు చివరికి వెళ్లి, కంబళి సర్దుకుని, కర్ర నేలకి ఆనించి నిలబడింది.

"అవ్వా, మధ్యలోకి రండి. మీ కోసమే కదా ఫొటో" అన్నాను.

"వద్దు పాపా. కాసేటోళ్లు మందకు అంచునే నిలబడల్ల. నడాన నిలబడితే బెదిరి సెదిరిపోతాయి. నేనీడుంటే అన్నీ నా పక్కకే సూస్తాయి, సూడు కావాల్నంటే."

నాలుకతో ఏదో చప్పుడు చేసింది. నిజమే, అన్ని గొర్రెలూ ఒక్కసారి తలలు ఆమె వైపు తిప్పాయి. నాకు ఒళ్లు పులకరించింది. కళ్లద్దాల మూలంగా కెమెరా కిటికీకి నా కన్ను పూర్తిగా ఆనదు, మధ్యభాగమే కనిపిస్తుంది, అంచులు కనిపించవు. ఫరవాలేదు, వెడల్పు గాజుందిగా అని నొక్కేశాను. నాలుగైదు తీశాను.

"బాగొచ్చిందా?" అంది ఓబులమ్మ.

కెమెరా వెనక తెరలో చూశాను. నడినెత్తిన ఎండ. తెరలో నా మొహమే తప్ప ఏమీ కనబడటం లేదు. నాలుగడుగులేసి వసారా నీడలోకి వెళ్తే కనిపించేది. రోడ్డు మీద బస్సు హారను కొడుతున్నారు.

"బ్రహ్మాండంగా వచ్చిందవ్వా. అందరూ పడ్డారు" అన్నాను.

రేపు పులివెందులలో ప్రింటు వేయించి, నేనే తెచ్చి చేతిలో పెడతానని మాటిచ్చాను. ఆమె నా బుగ్గలు పుణికి తన కణతలకి మెటికలు విరుచుకుంది. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

పులివెందులలో స్టూడియో

పులివెందుల చీనీ పళ్ల ఊరు. అంటే మనం బత్తాయిలంటాం చూడండి, అవి. పాతిక రూపాయలిస్తే పెద్ద గ్లాసుడు రసం పిండి ఇస్తారు. చక్కెర వేయమని అడిగితే బండి ఆయన నన్ను పైనించి కిందికి చూసి, "మా చీనీకి చక్కెరేంది మా?" అన్నాడు. మాట కరుకే, రసం మాత్రం తేనె. మావాళ్లయితే "అయ్యో వద్దండీ, తియ్యగానే ఉంటుందండీ" అని నాలుగు అండీలు తగిలించేవాళ్లు. నాకెందుకో ఈ మాటే నచ్చడం మొదలైంది.

మర్నాడు పొద్దున స్టూడియోకి వెళ్లాను. కెమెరాలోని కార్డు ఇస్తే స్టూడియో ఆయన కంప్యూటర్లో పెట్టాడు. గండికోట వచ్చింది. ఆయన మెచ్చుకున్నాడు. తర్వాత గొర్రెలొచ్చాయి.

ఫొటో రెండు పక్కలా రెండు నల్లటి వంపులు. మధ్యలో రామాంజులు, భార్య, పిల్లలు, గొర్రెలు, అంతా చక్కగా ఉంది. కుడి వంపు వెనక గోడ మాత్రమే పోయింది. ఎడమ వంపు వెనక ఓబులమ్మ పోయింది. పూర్తిగా పోయింది. చెయ్యి లేదు, కర్ర లేదు, కాలి వేలు కూడా లేదు.

"డిజైను పెట్టినారా మేడమ్?" అన్నాడాయన, చాలా మర్యాదగా.

సంచీలోంచి కెమెరా తీసి చూశాను. ఎండకి జిగురు కరిగి తొడుగు పావు చుట్టు తిరిగిపోయింది. పైనా కిందా ఉండాల్సిన పొడుగు రేకులు కుడీ ఎడమలకి వచ్చి కూర్చున్నాయి. మిగతా ఫొటోలన్నీ తిప్పించాను. అన్నిట్లోనూ అంతే. ఆమెని విడిగా ఒక్కటి కూడా తీయలేదు నేను. మందతో కావాలంది కదా అని.

ఇంకో సంగతి కూడా అప్పుడే చూశాను. ఫొటోలో గొర్రెలన్నీ ఎడమవైపుకే తలలు తిప్పి చూస్తున్నాయి. అన్నీ కలిసి నా కుండీ ముక్క వంక చూస్తున్నాయి.

"ఈ నలుపు రెండు పక్కలా కోసేస్తే నీటుగా ఉంటాది మేడమ్. ఎవురికీ తెల్దు" అన్నాడు స్టూడియో ఆయన.

ఎవరికీ తెలీదు. ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. కోయించాను. నలుపు పోయింది, ముసలామె ఉండాల్సిన చోటు కూడా పోయింది. అందమైన ఫొటో అయింది. డబ్బులిచ్చి బయటికొచ్చి, ఎందుకో మళ్లీ లోపలికెళ్లి, కోయకుండా కూడా ఒకటి వేయమన్నాను. 

లాడ్జికి వెళ్లి సామాను సర్దుకుంటుంటే శెట్టిగారి చీర పొట్లం కనిపించింది, పురికొస కట్టుతో. దాన్ని సంచీ అడుక్కి తోసేశాను. అక్కణ్ణించే కడప బస్సెక్కి, రైలు పట్టుకుని ఇంటికి పోదామనుకున్నాను. ఫొటోలు పోస్టులో పంపొచ్చుగా. బస్టాండులో కడప బస్సు పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించాను కూడా. మజ్జిగ తాగిన చెంబు గుర్తొచ్చింది. తిట్టుకుంటూ ముద్దనూరు బస్సే ఎక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను: నిజం చెబుదామని కాదు, అబద్ధం ఎలా చెబితే నమ్ముతారా అని.

మళ్లీ ఆ ఊళ్లో

లారీ వెళ్లిపోయింది. దొడ్డి తలుపు తీసే ఉంది. నేలంతా పెంటికలు, ముళ్లకంపకి అక్కడక్కడా ఉన్ని పోగులు. నిన్నటి దాకా అంత చప్పుడున్న చోట ఇప్పుడు కోడి గీరుకోవడం కూడా వినిపిస్తోంది.

ఓబులమ్మ వసారాలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది. "వచ్చినావా పాపా! వస్తావో రావో అని మా కోడలు. వస్తాదిలే అని నేను." మొహం కడుక్కుని, చేతులు చీరకి తుడుచుకుని మరీ ఫొటో అందుకుంది. నేనిచ్చింది కోసిన ఫొటో.

దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. ఒక్కో గొర్రె మీదా వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. "ఇది బొల్లిది. ఇది కుంటిది. ఇది నా మాట ఇనేది కాదు, దొంగది." లక్ష్మీదేవి పక్కకి వచ్చి వంగి చూస్తోంది. ఓబులమ్మ వేలు ఎడమ అంచు దాకా వెళ్లి ఆగింది. కాగితం తిప్పి వెనక చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"అన్నీ నా పక్కకే సూస్తాండాయి. నేను యాడుండా?"

ఇప్పుడు నేనన్న మాట. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

"మీరు మరీ చివర నిలబడ్డారు కదవ్వా. మధ్యలోకి రమ్మన్నాను, మీరు రాలేదు" అన్నాను.

లక్ష్మీదేవి వెంటనే అందుకుంది. "నేను సెప్తానే ఉంటి, నడాన నిలబడు అత్తా అని. ఇంటివా? మేడమ్ పాపం అంత సెప్పె."

"అవును" అంది ఓబులమ్మ నెమ్మదిగా. "నాదే తప్పు. అలవాటు కొద్దీ ఆడికి పోయి నిలబడితి." ఫొటోని ఒళ్లో పెట్టుకుంది. "నువ్వేం సేస్తావులే పాపా. అంత దూరం నించి మళ్లా వచ్చినావు. కూసో, సంగటి తిందువు."

భూమి చీలి లోపలికి పోతే బాగుండు అంటారు చూడండి, అది ఉత్త మాట కాదు. బడిలో ఎన్నేళ్లు పిల్లల చేత తప్పు ఒప్పించాను! గుడ్డ వంకరగా కుట్టి సూది బాగాలేదన్న పిల్లని నిలబెట్టి కడిగేసేదాన్ని. నేనిప్పుడు డెబ్బై ఏళ్ల మనిషి మీద నా తప్పు వేసి, ఆమె పెట్టే సంగటి తినబోతున్నాను.  సంచీలోంచి రెండో ఫొటో తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చూసింది. ఎడమవైపు నల్లటి వంపు మీద వేలు పెట్టింది. మొహం వెలిగింది. "ఇదేంది, నా కంబడా? ఇంగేం మరి, ఉండానే!"

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆమె ఆ ఫొటోని అలాగే గోడకి తగిలించుకుని, నల్ల ముక్కని తన కంబళి అనుకుంటూ సంతోషంగా ఉండేది. లక్ష్మీదేవి నా వంక చూస్తోంది. ఆమెకి అర్థమైపోయింది, అది కంబళి కాదని.

"కాదవ్వా" అన్నాను. "అది మీ కంబళి కాదు. నేను కెమెరాకి తగిలించిన కుండీ. అది తిరిగిపోయి మీకు అడ్డం పడింది. మీరు సరిగ్గానే నిలబడ్డారు. నిన్న నేను చూడకుండానే బాగా వచ్చిందన్నాను. ఇందాక మీ తప్పని అబద్ధం చెప్పాను. తప్పంతా నాదే."

చెప్పి, కెమెరా తీసి ఆ వెధవ కుండీని చూపించాను. ఓబులమ్మ దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పింది. తిప్పితే సులువుగా తిరిగింది.  తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అట్లయితే నేను తప్పు నిలబడల్యా" అంది. కోడలి వైపు తిరిగింది. "ఇన్నావా మే? నిలబడాల్సిన కాడే నిలబడినా నేను."

"ఇన్నా అత్తా" అంది లక్ష్మీదేవి. నా వైపు చూడలేదు.

"కోసిన దాంట్లో లేను, కోయని దాంట్లో లేను." రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుంది. "మందంతా పోతాపోతా నిలబడి పొటో తీయించుకుండాది. నేనే ల్యా."

స్టూడియోలో మనిషిని ఇంకో ఫొటోలోంచి తీసి ఇందులో అతికిస్తారని, ఖర్చంతా నాదేనని గబగబా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నిన్న నేను ఆడనే ఉన్నింటి గదా పాపా. ఉన్నదాన్ని మళ్లా అతికిచ్చేదేంది?"

 తొడుగుని పీకేశాను. టేపు ముక్కలు గోళ్లతో గీరేశాను. పురికొస కట్టిన పొట్లం సంచీలోనే ఉంది, ఇంక దానితో పనేముంది. "ఇంకొకటి తీస్తాను, రండవ్వా. ఒక్కటి" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ఏం తీస్తావు? ఖాళీ దొడ్డి తీస్తావా?"

అలా అంటూనే లేచింది. కంబళి భుజాన వేసుకుంది, కర్ర అందుకుంది. దొడ్డిలోకి వెళ్లింది. ఎక్కడ నిలబడాలో నేను చెప్పలేదు. చెప్పే మొహం ఎక్కడుంది నాకు? నేరుగా ఎడమ అంచుకి, నిన్నటి చోటికే వెళ్లి, ఖాళీ నేల వైపు తిరిగి నిలబడింది. లక్ష్మీదేవి "నడాన నిలబడు అత్తా, ఇప్పుడు బెదిరేదానికి ఏముండాయి" అని అరిచింది. ఓబులమ్మ కదల్లేదు.

కళ్లద్దాలు తీసేసి, కెమెరా కిటికీకి కన్ను పూర్తిగా ఆనించి నొక్కాను.

"బాగొచ్చిందా?" అంది అక్కణ్ణించే.

ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. వసారా నీడలోకి నడిచి, కళ్లద్దాలు పెట్టుకుని, కొంగు తల మీంచి కెమెరా మీదికి కప్పుకుని, ఆ చీకట్లో తెర మీద నాలుగు మూలలూ చూశాను. కంప కనిపించింది, గోడ కనిపించింది, తెరిచిన తలుపు కనిపించింది. ఎడమ అంచున కర్ర, కంబళి, కాలి వేళ్లతో సహా ఓబులమ్మ కనిపించింది.

"పడ్డారవ్వా" అన్నాను. "మీరొక్కరే పడ్డారు."